శిక్షణా, అరుగుదలా?
పడవ పందేల స్త్రీల శరీరం మనకి చెప్పే సంగతులు

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం మీద జరుగుతున్న ఈ తరగతిలో నన్ను మాట్లాడమన్నప్పుడు, రక్తహీనత గురించో పని గంటల గురించో చెబుతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. పడవ పందేల గురించి చెబుతానంటే కాస్త తికమకపడ్డారు. అంతర్జాతీయ స్థాయిలో రోయింగ్ చేసే స్త్రీల గుండె, రక్తం, కండరాలు దీర్ఘకాల శిక్షణ వల్ల ఎలా మారతాయన్నది నేను ఎంచుకున్న విషయం. "మన కార్యకర్తలకి దాంతో ఏం పని?" అని ఒక మిత్రురాలు సూటిగానే అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పే ముందు నన్ను చాలా కాలంగా వెంటాడుతున్న ఇంకో ప్రశ్న మీ ముందు పెడతాను.

కొన్నేళ్ళ కిందట నల్గొండ జిల్లాలో ఒక ఊళ్ళో వ్యవసాయ కూలి స్త్రీల పని గురించి సమాచారం సేకరిస్తున్నాను. యాభై దాటిన ఒకామె నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబులిచ్చి, చివర్లో తనే ఒక ప్రశ్న వేసింది. "పని జేస్తే ఒళ్ళు గట్టివడుతదంటరు గదమ్మా. నేను నలభై ఏండ్ల సంది చేస్తున్న. మరి నా ఒళ్ళెందుకిట్ల అరిగిపోయింది?" నా దగ్గర జవాబు లేదు. "పేదరికం పెద్దమ్మా" అన్నాను. "అది నాకెరుకే. సదువుకున్నదానివి, ఇంకేమన్న జెప్తవనుకున్న" అంది. నవ్వుతూనే అంది కాని, ఆ మాట నన్ను వదల్లేదు.

నేను శరీర శాస్త్రం చదువుకున్నదాన్ని కాను. నాది సామాజిక శాస్త్రం. ఎవరు ఎవరిని కొలిచారు, ఎందుకు కొలిచారు, ఆ కొలతని ఎవరి మీద ప్రయోగించారు అని అడగడం నా వృత్తి. ఆ అలవాటుతోనే స్త్రీల శ్రమ గురించి, క్రీడల గురించి చదువుతూ పోతే ఆ పెద్దమ్మ ప్రశ్నకి కొంత జవాబు నాకు రోయింగ్ చేసే స్త్రీల మీద జరిగిన పరిశోధనల్లో దొరికింది. అందుకే ఈ విషయం.

ముందు రోయింగ్ అంటే ఏమిటో చెప్పుకుందాం. సన్నగా పొడవుగా ఉండే పడవలో, వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. కూర్చునే పీట పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. చూసేవాళ్ళకి ఇది చేతుల పనిలా కనిపిస్తుంది. నిజానికి ఎక్కువ బలం కాళ్ళది. పాదాలతో తన్ని, నడుముతో అందుకుని, చివర్లో చేతులతో తెడ్డు లాగుతారు. శరీరంలోని పెద్ద కండరాలన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఒలింపిక్ పందెం 2000 మీటర్లు. ఎనిమిది మంది కూర్చునే పడవకి సుమారు ఆరు నిమిషాలు, ఒంటరి పడవకి ఏడు నిమిషాలకి పైన పడుతుంది. నిమిషానికి ముప్ఫై అయిదు, నలభై సార్లు తెడ్డు వేస్తూ ఊపిరి అందీ అందని స్థితిలో ఆ ఆరేడు నిమిషాలు నిలబడాలి.

అలా నిలబడడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? కండరానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆక్సిజన్ కోసం ఆగకుండా తన దగ్గరున్న నిల్వని గబగబా ఖర్చు పెట్టడం. ఇది కొద్ది సేపే సాగుతుంది, తర్వాత కండరం మండిపోయి మొరాయిస్తుంది. రెండోది, రక్తం తెచ్చిన ఆక్సిజన్‌తో ఆహారాన్ని నిదానంగా, పూర్తిగా వాడుకోవడం. దీన్నే ఏరోబిక్ శక్తి అంటారు. 2000 మీటర్ల పందెంలో నాలుగింట మూడు వంతులకి పైగా శక్తి ఈ రెండో దారిలోనే వస్తుంది. కాబట్టి రోయింగ్ శిక్షణలో అత్యధిక భాగం ఈ దారిని వెడల్పు చెయ్యడమే. నిమిషానికి శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలుస్తారు. శిక్షణ లేని యువతిలో ఇది రెండు, రెండున్నర లీటర్లు ఉంటే, అగ్రస్థాయి రోయింగ్ స్త్రీలలో నాలుగు లీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది.

అయితే ఈ స్త్రీలు 2000 మీటర్ల దాకా రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. పందెం పొడవు కూడా ప్రకృతి నిర్ణయించినది కాదు.

1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే అమెరికన్ వైద్యుడు స్త్రీల చదువు గురించి ఒక పుస్తకం రాశాడు. స్త్రీ శరీరంలో శక్తి పరిమితంగా ఉంటుందనీ, దాన్ని చదువుకి ఖర్చు పెడితే గర్భాశయానికి మిగలదనీ ఆయన వాదన. మెదడు గురించి చెప్పిన ఈ మాటే కండరాల గురించి కూడా దశాబ్దాల పాటు చెప్పారు. 1927లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల స్త్రీలు మొదటిసారి పడవ పందేనికి దిగినప్పుడు రెండు పడవలని ఒకేసారి నదిలోకి రానివ్వలేదు. విడివిడిగా నడిపించి, వేగంతో పాటు తెడ్డు వేసే తీరు ఎంత అందంగా ఉందో చూసి మార్కులేశారు. పురుషుల పందెం 1829లో మొదలైంది. అదే రోజు, అదే నదిలో, అదే దూరం స్త్రీలు పోటీ పడింది 2015లో.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకి తొలిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాద్కే ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాన్ నుంచి వచ్చిన కినుయే హితోమి రెండో స్థానంలో నిలిచింది. ఫైనల్‌లో పరుగెత్తిన తొమ్మిది మందీ పరుగు పూర్తి చేశారు. కాని పత్రికలు స్త్రీలు కుప్పకూలిపోయారనీ, సగంలోనే ఆగిపోయారనీ రాశాయి. గీత దాటాక అలసటతో కూలబడిన పురుషుణ్ణి వీరుడన్న లోకం, స్త్రీ కూలబడితే అనర్హురాలంది. ఆ పందేన్ని తీసేసి, మళ్ళీ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గాని పెట్టలేదు.

రోయింగ్‌లోకి స్త్రీలని ఒలింపిక్స్ రానిచ్చింది 1976లో, మాంట్రియల్‌లో. పురుషులు 1900 నుంచీ ఉన్నారు. రానిచ్చాక కూడా పురుషులకి 2000 మీటర్లయితే స్త్రీలకి 1000 మీటర్లు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. 1000 మీటర్లంటే మూడున్నర నిమిషాల పని. అంత చిన్న పందెంలో మొదట చెప్పిన దారి, అంటే నిల్వని గబగబా ఖర్చు పెట్టే దారి, పెద్ద పాత్ర వహిస్తుంది. పందెం అలా ఉన్నప్పుడు శిక్షణ దానికి తగ్గట్టే ఉంటుంది. శిక్షణ అలా ఉన్నప్పుడు శరీరం దానికి తగ్గట్టే తయారవుతుంది. అలా తయారైన శరీరాన్ని చూసి స్త్రీలకి ఓపిక తక్కువ, దూరం వాళ్ళకి పడదు అనడం ఎంత సులువో చూడండి. ముందు గీత గీసి, ఆ గీతలో పెరిగినవాళ్ళని కొలిచి, ఆ కొలతని సహజం అనడం. ఇది మనకి కొత్త కాదు. ఆడపిల్లని ఆరుబయట ఆడనివ్వకుండా పెంచి, ఆ తర్వాత ఆడపిల్లలు సుకుమారం అనేది కూడా ఈ తర్కమే.

1985 ప్రపంచ పోటీల నుంచి, 1988 సోల్ ఒలింపిక్స్ నుంచి స్త్రీలు కూడా 2000 మీటర్లు నడపడం మొదలుపెట్టారు. కూలిపోతారన్నవాళ్ళు కూలిపోలేదు. శిక్షణ మారింది, శరీరాలు మారాయి. రుమేనియాకి చెందిన ఎలిజబెతా లీపా 1984లో 1000 మీటర్ల కాలంలో తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. అయిదో స్వర్ణం 2004లో గెలిచింది. అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు నిండబోతున్నాయి. ఒకే స్త్రీ జీవితంలో, ఒకే శరీరంలో ఆ గీత చెరిగిపోయింది.

ఇప్పుడు ఆ శరీరం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మొదట మారేది రక్తం. క్రమంగా శిక్షణ మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. గుండెకి తిరిగి వచ్చే రక్తం ఎక్కువవుతుంది కాబట్టి గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపుతుంది. నెలలు, సంవత్సరాలు గడిచే కొద్దీ గుండె గదులు విశాలమవుతాయి, గోడలు కొంచెం దళసరి అవుతాయి. విశ్రాంతిలో గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, నిమిషానికి యాభై లోపు కూడా. పందెంలో అదే గుండె నిమిషానికి ఇరవై లీటర్లు దాటి రక్తాన్ని తోస్తుంది. ఎర్ర రక్తకణాల మొత్తం పెరుగుతుంది. కండరంలో ఒక్కో పోగు చుట్టూ సన్నని రక్తనాళాలు కొత్తగా పుడతాయి. ఆక్సిజన్‌ని వాడుకుని శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా అనే భాగాలు సంఖ్యలోనూ పరిమాణంలోనూ పెరుగుతాయి.

స్త్రీ పురుషుల మధ్య తేడాలు లేవని నేను అనడం లేదు. సగటున స్త్రీలలో హిమోగ్లోబిన్ కొంత తక్కువ, గుండె చిన్నది, కండరం తక్కువ. అగ్రస్థాయి పందేల్లో కాలంలో తేడా ఉంటుంది. కాని మనం పట్టుకోవలసిన విషయం వేరు. ఒకే రకమైన శిక్షణ ఇస్తే, ఎవరి మొదటి స్థితితో వాళ్ళని పోల్చినప్పుడు, స్త్రీలలో వచ్చే మెరుగుదల శాతం పురుషులలో వచ్చేదానితో దాదాపు సమానం. 1990లలో అమెరికాలో, కెనడాలో వందలాది మందికి ఇరవై వారాల పాటు సైకిల్ శిక్షణ ఇచ్చి చూసిన హెరిటేజ్ అధ్యయనంలో ఇది తేలింది. ఇంకో మాట కూడా తేలింది. స్త్రీలకీ పురుషులకీ మధ్య కంటే, ఒక స్త్రీకీ ఇంకో స్త్రీకీ మధ్య, ఒక పురుషుడికీ ఇంకో పురుషుడికీ మధ్య తేడాలు చాలా ఎక్కువ.

మరి ఈ జ్ఞానం ఎవరి శరీరాల నుంచి వచ్చింది? 1966లో అమెరికాలోని డాలస్‌లో ఒక ప్రసిద్ధ ప్రయోగం చేశారు. ఇరవై ఏళ్ళ యువకులు అయిదుగురిని మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టారు. ఆక్సిజన్ వాడుకునే శక్తి నాలుగో వంతుకి పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ అయిదుగురినే మళ్ళీ కొలిస్తే, ముప్ఫై ఏళ్ళ వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. శరీరాన్ని వాడకపోతే ఏమవుతుందో చెప్పిన గొప్ప ప్రయోగం ఇది. ఆ అయిదుగురూ పురుషులే. ఇటలీలో 1991లో ప్రకటించిన ఒక పరిశోధనలో 947 మంది అగ్రస్థాయి క్రీడాకారుల గుండెలని పరీక్షించారు. గోడ 13 మిల్లీమీటర్లు, అంతకన్నా దళసరిగా ఉన్నవాళ్ళు పదహారు మంది. వాళ్ళలో పదిహేను మంది రోయింగ్, కనోయింగ్ చేసేవాళ్ళు. అందరూ పురుషులు. ఆ బృందమే 600 మంది క్రీడాకారిణుల గుండెలని విడిగా పరిశీలించి 1996లో ఫలితాలు ప్రకటించింది. స్త్రీల గుండె కూడా శిక్షణకి స్పందించి పెరుగుతుందనీ, అయితే గోడ మందం 12 మిల్లీమీటర్లు దాటలేదనీ అందులో తేలింది. ఇది చిన్న విషయం కాదు. పురుషుల కొలతని స్త్రీలకి వాడితే జబ్బున్న గుండెని ఆరోగ్యమైనదని పొరబడే ప్రమాదం ఉంది.

పరిస్థితి ఇప్పటికైనా మారిందా? ఆరు క్రీడాశాస్త్ర పత్రికల్లో 2014 నుంచి 2020 వరకు వచ్చిన 5,261 పరిశోధనా పత్రాలని లెక్కపెట్టి 2021లో ఒక విశ్లేషణ వచ్చింది. వాటిలో పురుషుల మీద మాత్రమే జరిగినవి 31 శాతం. స్త్రీల మీద మాత్రమే జరిగినవి 6 శాతం. నెలసరి ఉండడం వల్ల లెక్కలు కష్టమవుతాయని పరిశోధకులు చాలా కాలం సాకు చెప్పేవారు. ప్రపంచంలో సగం మందికి ఉండే స్థితిని పరిశోధనకి ఆటంకం అని పిలిచిన శాస్త్రం అది.

నెలసరి మాట వచ్చింది కాబట్టి తిండి దగ్గరికి వద్దాం. కఠినమైన శిక్షణలో ఉన్న కొందరు క్రీడాకారిణులకి నెలసరి ఆగిపోతుంది. ఎముకలు పలచబడతాయి. రోయింగ్ చేసేవాళ్ళలో పక్కటెముకలు చిట్లడం కూడా కనిపిస్తుంది. "చూశారా, స్త్రీ శరీరానికి ఇంత వ్యాయామం పనికిరాదు" అన్నారు పెద్దలు. ఆన్ లౌక్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ మాటని పరీక్షకి పెట్టింది. 1998లో ప్రకటించిన ప్రయోగంలో, వ్యాయామం చేసినా దానికి తగ్గ తిండి తిన్న స్త్రీలలో హార్మోన్ల లయ చెదరలేదని చూపింది. చెదిరింది తిండి చాలనప్పుడే. 2003లో ఆమె, ఆమె సహపరిశోధకురాలు కలిసి ఒక లెక్క కూడా కట్టారు. తిన్న తిండిలోంచి వ్యాయామానికి ఖర్చైన శక్తిని తీసేశాక, కొవ్వు కాని శరీర బరువులో కిలోకి రోజుకి సుమారు 30 కేలరీల కంటే తక్కువ మిగిలితే, అయిదు రోజుల్లోనే ఆ లయ దెబ్బతింటుంది. అంటే తప్పు వ్యాయామానిది కాదు, కంచానిది. నూట పాతికేళ్ళ తర్వాత క్లార్క్‌గారికి దొరికిన జవాబు ఇది. శక్తి పరిమితమే కావచ్చు. కాని ఆ పరిమితి పెట్టింది గర్భాశయం కాదు, వడ్డించే గరిటె.

ఈ లెక్కని ఒక్కసారి మన కూలి స్త్రీకి వేసి చూడండి. ఆమె శరీరంలో కొవ్వు కాని బరువు 35 కిలోలనుకుందాం. పని ఖర్చు పోగా 1050 కేలరీలు మిగలాలి. నాట్లకి, కలుపుకి, నీళ్ళకి, వంటకి, కట్టెలకి అయ్యే ఖర్చు దాని మీద కలపాలి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే ఆమెకి ఆ మొత్తం చేరుతుందా? క్రీడాకారిణికి ఇలా జరిగితే దానికి పేరుంది, ఒలింపిక్ కమిటీ 2014లో దాన్ని గుర్తించి మార్గదర్శకాలిచ్చింది. కూలి స్త్రీకి జరిగితే దానికి పేరు లేదు. "ఆమె శరీరతత్వమే అంత" అంటారు.

రక్తం విషయం కూడా ఇలాంటిదే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో కాలేజీ స్థాయిలో రోయింగ్ చేసే 165 మంది స్త్రీలని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. పది శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత లేనివాళ్ళలో కూడా ముప్ఫై శాతం మందిలో ఇనుము నిల్వలు తక్కువ. ఈ ముప్ఫై శాతం మంది 2000 మీటర్ల కాలం, నిల్వలు సరిగా ఉన్నవాళ్ళ కంటే సుమారు 21 సెకన్లు ఎక్కువ. సెకనులో వందో వంతుతో పతకాలు చేతులు మారే ఆటలో ఇరవై ఒక్క సెకన్లు! చక్కటి తిండి, వైద్యులు అందుబాటులో ఉన్న అమ్మాయిల సంగతి ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. మన స్త్రీలు సగం మందికి పైగా ఆ ఇరవై ఒక్క సెకన్ల కంటే చాలా ఎక్కువే వెనకబడి, రోజూ పందేనికి దిగుతున్నారు.

శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే స్త్రీలకి ఇనుము మాత్రలిచ్చి చూసిన పరిశోధన ఒకటి 1979లో వచ్చింది. మాత్రలు వేసుకున్నవాళ్ళు ఎక్కువ ఆకు కోశారని తేలింది. దీన్ని మనం జాగ్రత్తగా చదవాలి. స్త్రీ ఆరోగ్యం ఎందుకు బాగుండాలి అన్న ప్రశ్నకి, ఎక్కువ ఆకు కోస్తుంది కాబట్టి అన్నది జవాబు కాకూడదు. కాని అదే పరిశోధనలో పని లేని వేళల్లో కూడా ఆ స్త్రీలు మరింత చురుగ్గా ఉన్నారని కనిపించింది. నాకు ఆ వాక్యం ముఖ్యం. తన కోసం తనకి మిగిలిన ఓపిక అది.

తిండి తర్వాత విశ్రాంతి. శిక్షణ గురించి చదువుతుంటే నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం ఇదే. అగ్రస్థాయి రోయింగ్ స్త్రీలు వారానికి పదిహేను నుంచి ఇరవై అయిదు గంటలు, ఏడాదికి దాదాపు వెయ్యి గంటలు శిక్షణ చేస్తారు. అందులో సుమారు ఎనభై శాతం పక్కవాళ్ళతో మాట్లాడుతూ చెయ్యగలిగినంత తేలిక వేగంలోనే. మిగిలిన కొద్ది భాగమే ప్రాణం మీదికి వచ్చేంత కఠినం. ఎందుకంటే శరీరం గట్టిపడేది శ్రమ జరుగుతున్నప్పుడు కాదు. శ్రమ శరీరాన్ని కొంచెం దెబ్బతీస్తుంది. ఆ తర్వాత తిండి, నిద్ర దొరికితే శరీరం ఆ దెబ్బని బాగుచేసుకుంటూ ముందుకన్నా కొంచెం ఎక్కువ కట్టుకుంటుంది. విశ్రాంతి దొరక్కముందే మళ్ళీ దెబ్బ పడితే కట్టుకోవడం ఉండదు, కరగడమే ఉంటుంది.

పెద్దమ్మ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఆమె పని గంటలు ఏ ఒలింపిక్ క్రీడాకారిణి గంటల కంటే తక్కువ కాదు, రెండు మూడు రెట్లు ఎక్కువ. శ్రమ రెండు చోట్లా ఉంది. ఒక చోట శ్రమ చుట్టూ తిండి, నిద్ర, వైద్యం, కొలత ఉన్నాయి. దాన్ని శిక్షణ అంటాం. ఇంకో చోట అవేవీ లేవు. అది అరుగుదల. స్త్రీ శరీరం రెండు చోట్లా ఒకటే. దాన్ని ఏం అడిగారు, బదులుగా ఏం ఇచ్చారు అన్నదే తేడా.

ఇంకో తేడా కూడా ఉంది. నిర్ణయం ఎవరిది? దీన్ని మరిచిపోతే నా మాటలు క్రీడలకి భజనలా మారతాయి. 1976 మాంట్రియల్‌లో స్త్రీల రోయింగ్ పందేలు ఆరు జరిగితే నాలుగు స్వర్ణాలు తూర్పు జర్మనీవి. అక్కడ స్త్రీలకి మంచి తిండి, శిక్షకులు, సమయం అన్నీ ఉన్నాయి. కాని ఆ ప్రభుత్వమే ఒక పథకం ప్రకారం అనేక మంది క్రీడాకారిణులకి, చిన్న పిల్లలకి సైతం, చెప్పకుండా పురుష హార్మోన్లు ఇచ్చిందని తర్వాత బయటపడింది. ఆ దుష్ఫలితాలు వాళ్ళు జీవితాంతం మోశారు. అలాగే తేలిక బరువు విభాగం. చిన్న శరీరాలున్నవాళ్ళకి అవకాశం ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతో 1996 నుంచి 2024 వరకు ఒలింపిక్స్‌లో స్త్రీలకి ఈ పందెం ఉంది. ఒక్కొక్కరు 59 కిలోలు దాటకూడదు, పడవలో ఇద్దరి సగటు 57 దాటకూడదు. ఆ కాటా కోసం ఎంతో మంది తిండీ నీళ్ళూ మానుకున్నారు. శరీరాన్ని బలపరిచే శాస్త్రం స్త్రీ చేతిలో లేకపోతే, అది కూడా ఇంకో రకం వాడకమే.

స్త్రీ తనంతట తాను నిలబడి అడిగితే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. అదే 1976లో, మార్చి 3న, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రోయింగ్ చేసే స్త్రీలు పంతొమ్మిది మంది ఒక అధికారి గదిలోకి వెళ్ళారు. వాళ్ళ నాయకురాలు క్రిస్ ఎర్న్‌స్ట్. చలికాలం నదిలో తడిసి వచ్చాక పురుషులకి వేడినీళ్ళ స్నానపు గదులున్నాయి, స్త్రీలకి లేవు. మగవాళ్ళ స్నానాలయ్యేదాకా వీళ్ళు తడి బట్టలతో బస్సులో వణుకుతూ కూర్చునేవారు. చదువులో లింగ వివక్షని నిషేధిస్తూ 1972లో వచ్చిన చట్టం పేరు ఒంటి మీద రాసుకుని, పైబట్టలు తీసి నిలబడి, తమ డిమాండ్ చదివి వినిపించారు. పత్రికలకెక్కింది, ఏర్పాట్లు జరిగాయి. వాళ్ళు అడిగింది పతకం కాదు. శ్రమ తర్వాత వేడినీళ్ళు.

బ్రిటన్‌కి చెందిన హెలెన్ గ్లోవర్ 2012లో, 2016లో స్వర్ణాలు గెలిచి, ముగ్గురు పిల్లల తల్లయ్యాక తిరిగి వచ్చి 2024 పారిస్‌లో రజతం గెలిచింది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లలు నిద్రపోయే వేళల్లో ఇంట్లో యంత్రం మీద శిక్షణ మొదలుపెట్టింది. మాతృత్వం శరీరాన్ని ఆపలేదు. గంటలే కరువు. ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయన్నది మన ప్రశ్న కూడా. మన దేశానికి వస్తే, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇద్దరు భారతీయ స్త్రీలు ప్రతిమా పుహానా, ప్రమీలా ప్రభా మింజ్ రోయింగ్‌లో కాంస్యం తెచ్చారు. కాని 2024 పారిస్ దాకా మన దేశం నుంచి ఒలింపిక్ రోయింగ్‌లో ఒక్క స్త్రీ కూడా పాల్గొనలేదు.

మన పనికి వద్దాం. అందరం పడవలెక్కాలని నేను చెప్పడం లేదు. ఈ శాస్త్రం నుంచి మనం తీసుకోగలిగినవి నాలుగు కనిపిస్తున్నాయి.

ఒకటి. స్త్రీల పని గంటలు నమోదు చేసేటప్పుడు విశ్రాంతి గంటలు కూడా నమోదు చేద్దాం. పని ఎంత అన్నది సగం లెక్కే. నిద్ర ఎంత, పగలు కూర్చున్నది ఎంత, ఎప్పుడు తిన్నది, ఎవరి తర్వాత తిన్నది అన్నవి మిగతా సగం.

రెండు. మన సంఘాల్లోని ప్రతి స్త్రీకీ తన హిమోగ్లోబిన్ సంఖ్య తెలియాలి. పరీక్ష చేసి కాగితం దాచుకోవడం కాదు, ఆ సంఖ్య ఏమిటో, పన్నెండు గ్రాముల కంటే ఎంత తక్కువో ఆమెకి చెప్పాలి. అది ఆమె శరీరం గురించిన సమాచారం. ఆమె హక్కు.

మూడు. పెద్దమనిషి కాగానే ఆడపిల్లని మైదానం నుంచి తప్పించడం గురించి మాట్లాడదాం. నేను చదివిన బళ్ళో ఎనిమిదో తరగతి నుంచి ఆటల పీరియడులో మగపిల్లలు గ్రౌండుకి వెళితే మమ్మల్ని క్లాసులో కూర్చోబెట్టి కుట్లు నేర్పేవారు. సరిగ్గా గుండె, ఎముకలు కట్టుకునే వయసులో. బడి మైదానంలో ఆడపిల్లల గంట ఎక్కడికి పోయిందని ప్రతి ఊళ్ళో అడగవచ్చు.

నాలుగు. కూలి రేట్ల దగ్గర "ఆడవాళ్ళది తేలిక పని" అనే మాటని ఒప్పుకోవద్దు. మన దేశంలో సమాన వేతన చట్టం వచ్చింది కూడా 1976లోనే. నైపుణ్యం, శ్రమ, బాధ్యత ఒకటైతే వేతనం ఒకటే కావాలని అందులో ఉంది. ఆ సూత్రాన్నే 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిపారు. శ్రమ అన్నది కంటితో చూసి చెప్పేది కాదని, అది గుండెలో, ఊపిరిలో, రక్తంలో కొలవగలిగేదని ఇంతసేపూ చెప్పుకున్నాం. పగలంతా నడుం వంచి నాట్లు వేసే స్త్రీ పని తేలికని ఎవరైనా అంటే, ఏ కొలతతో అన్నారో అడుగుదాం.

ఆ ఊరికి నేను మళ్ళీ వెళతాను. ఈసారి ఆ పెద్దమ్మకి పేదరికం అని ఒక్క మాట చెప్పి ఊరుకోను. "నీ ఒంట్లో లోపం లేదు పెద్దమ్మా. నలభై ఏళ్ళు దాన్నుంచి తీసుకున్నారే గాని దానికి ఇవ్వాల్సింది ఎవరూ ఇవ్వలేదు" అని చెబుతాను. అప్పుడామె "మరి ఎవరియ్యాలె? ఎట్ల దీస్కోవాలె?" అని తప్పకుండా అడుగుతుంది. ఆ జవాబు నేను ఒక్కదాన్ని ఇవ్వలేను. ఇక్కడున్న మనమందరం కలిసి ఇవ్వాలి. అందుకే ఈ విషయాన్ని మీ ముందుకి తెచ్చాను. చర్చ మొదలుపెడదాం.